సర్దారు బిడ్డ అడిగిన ప్రశ్న

అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర ఒక కోచింగ్ సెంటర్లో, ఒకే బ్యాచ్‌లో, ఒరాకిల్ డీబీఏ (డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్) కోర్సులో చేరారు ముగ్గురు. ముగ్గురిదీ పాత వరంగల్ జిల్లాయే. హాస్టళ్లలో అందరూ ఊరి పేరుతో పిలుచుకోవడం అలవాటు కాబట్టి వీళ్లకూ అవే పేర్లు పడ్డాయి. ఒకడు జనగామ. ఇంకొకడు మానుకోట. పటంలో మహబూబాబాద్ అని రాసున్నా ఆ ఊరివాళ్ల నోట మానుకోట అనే వస్తుంది. మూడో మనిషి అమ్మాయి, భూపాలపల్లి. కథకు ఇంతకు మించి పేర్లు అక్కర్లేదు.

జనగామది ఏకసంథాగ్రాహి బుర్ర. పరీక్షలో వచ్చే ప్రశ్నలు జవాబులతో సహా ‘డంపు’ల పేరుతో దొరుకుతాయని తెలిసిన రోజే పుస్తకం మూసేశాడు. రెండు నెలల్లో రెండు పరీక్షలు పాసయ్యాడు. ప్రశ్న సగం చదివేసరికి జవాబు ‘బి’ అనేవాడు. ఎందుకు బి అని అడిగితే, ‘అదంతే’ అనేవాడు. సర్టిఫికెట్లు రెండూ ఫ్రేము కట్టించి ఇంటికి పంపితే వాళ్లమ్మ వాటిని హాల్లో వేంకటేశ్వరస్వామి పటం పక్కన పెట్టింది.

మానుకోటది వేరే దారి. మిర్చి ధర పడిపోయిన ఏడు వాళ్ల నాయన ఫీజు పంపలేకపోయాడు. కోర్సు సగంలో వదిలేసి, హన్మకొండలో విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల టోకు వ్యాపారం చేసే ఒక సేటు దగ్గర కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాడు. సేటుకు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో డిపోలు. వానకాలం మొదట్లో రైతులకు ఉద్దెర ఇస్తాడు, పత్తో మిర్చో అమ్ముకున్నాక వసూలు చేసుకుంటాడు. ఎవరు ఎంత తీసుకున్నారో, ఎంత కట్టారో మొత్తం హెడ్డాఫీసు సర్వర్‌లోని ఒరాకిల్ డేటాబేస్‌లో ఉంటుంది. ఆ సర్వర్‌ను చూసుకునే మనిషి మెల్లగా మానుకోటే అయ్యాడు. ఎవరూ నేర్పలేదు. పడుతూ లేస్తూ నేర్చుకున్నాడు. రాత్రి పదకొండింటికి డేటా ఫైళ్లన్నీ ఇంకో డిస్కు మీదికి కాపీ అయ్యేలా తనే ఒక స్క్రిప్టు రాసుకున్నాడు. పొద్దున వచ్చి ఫైళ్ల సైజులు చూసి, ‘బ్యాకప్ అయింది సేటూ’ అని చెప్పి చాయ్ తాగేవాడు. ఎనిమిదేళ్లు ఆ సర్వర్ ఒక్క పూట కూడా ఆగలేదు.

భూపాలపల్లి నాయన కాకతీయ గనిలో మైనింగ్ సర్దార్. ఆమె పరీక్ష రాయడానికి అందరికన్నా ఎక్కువ కాలం తీసుకుంది. సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ మీద డేటాబేస్ పెట్టుకుని, కావాలనే కంట్రోల్ ఫైల్ తీసేసేది, డేటా ఫైల్ తీసేసేది, మళ్లీ బతికించడానికి తంటాలు పడేది. ‘పరీక్షల గిన్ని అడగరు’ అని జనగామ నవ్వేవాడు. నిజమే, అడగలేదు. ఆమె పాసై హైదరాబాద్‌లో ఒక డేటా సెంటర్‌లో చేరింది.

కొన్నాళ్లకు సేటు కొడుకు చదువు ముగించుకుని వచ్చి, ‘మన సర్వర్‌కు క్వాలిఫైడ్ మనిషి కావాలి’ అన్నాడు. సర్టిఫికెట్లు చూసి జనగామను తీసుకున్నారు, మానుకోట కన్నా మూడు రెట్ల జీతానికి. ఇద్దరికీ ఒకటే గది. మాటల్లో వేడి మొదటి వారమే మొదలైంది.

‘నీ కాయితంల ఏమున్నదిరా? ఎనిమిదేండ్ల సంది ఈ సర్వర్ ఒక్కనాడన్న ఆగిందా?’ అన్నాడు మానుకోట.

‘ఆగకపోతే అది నీ గొప్పతనమా, డిస్కు గొప్పతనమా?’ అన్నాడు జనగామ.

ఆ ఒక్క మాట మాత్రం జనగామ సరిగ్గానే అన్నాడు. కానీ అన్నవాడు లేచి, బ్యాకప్ ఏ తీరుగా పోతున్నదో చూడలేదు. ఒక్క కమాండ్ కొడితే ఆ డేటాబేస్ ‘నోఆర్కైవ్‌లాగ్’ మోడ్‌లో నడుస్తున్నదని తెలిసేది. ఆ మోడ్ మీద పరీక్షలో వచ్చిన ప్రశ్నకు అతను సరైన జవాబే పెట్టాడు.

ఇక్కడ కథ కాసేపు ఆపి ఒక సంగతి చెప్పుకోవాలి. ఒరాకిల్‌లో ఏ చిన్న మార్పు జరిగినా ముందు రీడో లాగ్ ఫైళ్లలోకి ఎక్కుతుంది. ఆ ఫైళ్లు మూడో నాలుగో ఉంటాయి. ఒకటి నిండాక ఇంకొకటి, అన్నీ నిండాక మళ్లీ మొదటిదాని మీదే రాసుకుంటూ పోతుంది. ఆర్కైవ్‌లాగ్ మోడ్ పెడితే, పాతదాన్ని చెరిపేముందు దాని నకలు పక్కన దాస్తుంది. పెట్టకపోతే దాయదు. డేటాబేస్ తెరిచి ఉండగా, జనం వాడుతుండగా, ఫైళ్లను ఊరికే కాపీ చేయడమంటే, గుమస్తా రాస్తూ ఉండగానే ఖాతా పుస్తకాన్ని జిరాక్సు తీసినట్టు. మొదటి పేజీలో అప్పు ఇంకా ఉన్నట్టే ఉంటుంది, చివరి పేజీలో మాత్రం దాన్ని కట్టినట్టు రాసి ఉంటుంది. మధ్యలో ఏం జరిగిందో చెప్పే లాగులు చేతిలో ఉంటే ఈ తేడా సరిచేసుకోవచ్చు. మానుకోట దగ్గర ఫైళ్లున్నాయి, లాగులు లేవు. ఎనిమిదేళ్లుగా రోజూ అతను తీసింది అటువంటి జిరాక్సే.

సంక్రాంతికి వారం ముందు, వసూళ్లు జోరు మీదున్నప్పుడు, అర్ధరాత్రి డిస్కు పోయింది.

మానుకోట కంగారు పడలేదు. కొత్త డిస్కు బిగించి, నిన్నటి కాపీ తెచ్చి పెట్టాడు. డేటాబేస్ మౌంట్ అయింది. ఓపెన్ కాలేదు. మొన్నటిది పెట్టాడు, కాలేదు. పోయిన వారానిది పెట్టాడు, అదీ కాలేదు. తెల్లవారుజామున నాలుగింటికి భూపాలపల్లికి ఫోన్ చేశాడు.

‘చెల్లే, ఫైళ్లన్నీ ఉన్నయి. సైజులు గూడ సరిగ్గనే ఉన్నయి. ఓపెన్ అయితలేదు.’

‘ఏమంటున్నదన్నా?’

‘ఒకటో నంబర్ ఫైలుకు ఇంకా రికవరీ కావాలె అంటున్నది. ఓఆర్ఏ 01194.’

‘ఆర్కైవ్ లాగులు ఎక్కడున్నయి?’

‘అవెందుకు? ఫైళ్లు ఉన్నయిగద!’

‘సరే గని, ఈ బ్యాకప్‌ను పక్క మిషన్ మీద రీస్టోర్ చేసి చూసింది ఆఖరుసారి ఎప్పుడు?’

‘చూడలే.’

‘ఒక్కసారి గూడనా?’

‘ఎందుకు చూస్త చెల్లె? రోజూ కాపీ అయితనే ఉండె.’

ఆమె ఫోన్ జనగామకు ఇమ్మంది. అదే ప్రశ్న అతన్నీ అడిగింది. నువ్వొచ్చి నెలలు గడిచాయి, నువ్వు చూశావా అని. ఆ పని తనకు అప్పజెప్పలేదన్నాడు జనగామ. అనడమే కాదు, ఇంటర్నెట్‌లో ఏదో దాచిన పారామీటర్ దొరికిందని, దాంతో డేటాబేస్‌ను బలవంతంగా తెరవొచ్చని ఉత్సాహపడ్డాడు.

‘తెరుచుకుంటది. కని ఏ రైతు ఖాతాల ఏ అంకె ఉంటదో ఎవరం పూచీ పడలేం. కట్టినోన్ని మల్ల కట్టమని అడుగుతరా?’ అన్నది భూపాలపల్లి.

చివరకు వాళ్లను గట్టెక్కించింది అదృష్టం. దసరా ముందు ఆడిటర్ అడిగాడని తీసిన ఒక ఎక్స్‌పోర్టు డంప్ ఫైల్ పాత కంప్యూటర్‌లో పడి ఉంది. అది బ్యాకప్ అని ఎవరూ అనుకోలేదు, తీసినవాడు కూడా. దాన్ని ఎక్కిస్తే దసరా వరకు లెక్కలు వచ్చాయి. ఆ తర్వాతవి రసీదు పుస్తకాల కార్బన్ నకళ్లు చూసి చేత్తో ఎక్కించాలి. మూడు డిపోల్లో పండగ మానుకుని జనం కూర్చున్నారు. కార్బన్ పడని చోట రైతునే రమ్మన్నారు. మహబూబాబాద్ డిపోలో ఒక ముసలామె తన రసీదును పట్టాదారు పాసుబుక్కు కవర్‌లో పెట్టి తెచ్చి, అది ఆపరేటర్ చేతికియ్యకుండా, ‘నువ్వు చూసి రాసుకో బిడ్డా, కాయితం మాత్రం ఇయ్య’ అన్నది. రసీదు పోగొట్టుకున్నవాళ్లు ఎంత చెబితే అంతే రాసుకున్నాడు సేటు. ఇంకో దారి లేదు.

లెక్క తేలాక సేటు అందరినీ కూర్చోబెట్టి, ‘ఇగ మన దగ్గర సర్టిఫికెట్ ఉన్నోళ్లకే నౌకరి’ అన్నాడు. ‘నాకు రెండున్నయి సార్’ అన్నాడు జనగామ. సేటు అతన్ని చూసిన చూపుకు గదిలో ఎవరికీ నవ్వు ఆగలేదు.

సెలవు పెట్టి ఇంటికి పోతూ దారిలో దిగిన భూపాలపల్లి కూడా ఆ గదిలోనే ఉంది. ఏమంటావమ్మా అని సేటు అడిగితే ఇట్లా చెప్పింది.

‘మా నాయినకు సర్దార్ సర్టిఫికెట్ ఉన్నది సార్. ఎన్నడూ గోడకు పెట్టలే, బీరువాలనే ఉంటది. కని షిఫ్టు మొదలు గాకముందే ఆయన బాయిల దిగి, తనకిచ్చిన జాగంత తిరిగి, కర్రతోని రూఫ్ కొట్టి చప్పుడు విని, దీపం వత్తి తగ్గించి గ్యాస్ చూసి, బుక్కుల రాసి సంతకం పెట్టాలె. అప్పుడే మిగిలినోళ్లు పనిల దిగేది. సర్టిఫికెట్ లేకుంటే ఆయన సంతకం చెల్లదు. చూడకుంటనే సంతకం పెట్టిండని తేలితే సర్టిఫికెటే పోతది.’

‘మరి మీ డీబీఏలకు?’

‘మాకు గసొంటి బుక్కు ఎవ్వరూ పెట్టలే సార్. మనమే పెట్టుకోవాలె.’

సేటు లేచి బీరువాలోంచి ఎర్ర గుడ్డ అట్ట వేసిన కొత్త ఖాతా పుస్తకం ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. నెలకో ఆదివారం, వేరే మిషన్ మీద, బ్యాకప్ రీస్టోర్ చేయాలి. ఎన్నింటికి మొదలుపెట్టారు, ఎన్నింటికి ఓపెన్ అయింది, ఆఖరి రసీదు నంబర్ ఎంత వరకు వచ్చింది, ఎవరు చేశారు, సంతకం. మొదటి ఆదివారం డిస్కులో జాగా చాలక సాయంత్రం దాకా కూర్చున్నా పని కాలేదు. ‘కాలేదు’ అని రాసి మానుకోట సంతకం పెట్టాడు. ఆ పుస్తకంలో మొదటి ఎంట్రీ అదే.

మానుకోట పరీక్షకు కట్టాడు. ఒకసారి తప్పాడు, రెండోసారి పాసయ్యాడు. ‘నేను ఎనిమిదేండ్లు రోజూ చేసిన తప్పు, బుక్కుల ఒక చాప్టర్ల రాసే ఉన్నది చెల్లె’ అని ఫోన్‌లో చెప్పుకుని నవ్వాడు. నీతికథ కాబట్టి జనగామకు ఏదో శిక్ష పడాలి. పడలేదు. మూడో సర్టిఫికెట్ సంపాదించి, ఇంకా పెద్ద జీతానికి వేరే కంపెనీకి వెళ్లిపోయాడు.

నీతి: పని వచ్చన్న ధీమాకు పరీక్ష అవసరం, పరీక్ష పాసైన ధీమాకు పని అవసరం, ఆ రెండూ ఉన్నవాడిచేత కూడా నెలకోసారి చూసి సంతకం పెట్టించుకోవాలి.

నీతి ఒక వాక్యంలో రాసి వదిలేస్తే చందమామ కథ అవుతుంది. డీబీఏలు కావాలనుకునే మన పిల్లల చేతుల్లో డబ్బు తక్కువ, ఆశ ఎక్కువ. వాళ్ల కోసం ఇంకొంచెం చెప్పుకోవాలి.

పై కథ కల్పితం. కానీ దాని అన్నలాంటి సంఘటన ఒకటి నిజంగానే జరిగింది, అదీ సాఫ్ట్‌వేర్ వాళ్లకే సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలో. 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు, రెండో సర్వర్ మీద ఖాళీ చేయాల్సిన ఫోల్డర్‌ను పొరపాటున అసలు సర్వర్ మీద చెరిపేశాడు. ఒకటి రెండు సెకన్లలో తేరుకుని ఆపాడు. అప్పటికే సుమారు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. సరే, బ్యాకప్‌లు ఉన్నాయి కదా అని చూస్తే, రోజూ జరగాల్సిన బ్యాకప్ ఎన్నాళ్లుగానో జరగడమే లేదు. డేటాబేస్ ఒక వెర్షన్, బ్యాకప్ తీసే ప్రోగ్రాం ఇంకో వెర్షన్. తప్పు జరిగిందని పంపే ఈమెయిళ్లు కూడా మధ్యలోనే తిరస్కరణకు గురవుతూ వచ్చాయి. చివరికి దొరికింది, అదే ఇంజినీరు ఆరు గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసిన ఒక స్నాప్‌షాట్. ఆ ఆరు గంటల్లో చేరినవి పోయాయి: దాదాపు 5 వేల ప్రాజెక్టులు, 5 వేల కామెంట్లు, 700 కొత్త ఖాతాలు. ఆ సంస్థలో మెచ్చుకోవాల్సింది ఒకటుంది. జరిగిందంతా బయటపెట్టి రాసింది. ఒక్క మనిషి మీదకు నెట్టకుండా, బ్యాకప్‌లు పనిచేస్తున్నాయో లేదో చూసే బాధ్యత ఎవరి మీదా పెట్టకపోవడమే అసలు తప్పని ఒప్పుకుంది. అక్కడున్నవాళ్లెవరూ పని రానివాళ్లు కారు.

భూపాలపల్లి అమ్మాయి గని గురించి చెప్పినది మాత్రం కల్పితం కాదు. మహబూబాబాద్ పక్కనున్న ఇల్లందులో 1889లో బొగ్గు తవ్వకం మొదలైన నాటి నుంచి సింగరేణి ప్రాంతం ఇళ్లలో ‘బాయి దిగి క్షేమంగా రావడం’ అనేది రోజువారీ మొక్కు. అంత ప్రమాదమున్న పని కాబట్టి 1952 గనుల చట్టం కింద బొగ్గు గనులకు ప్రత్యేక నిబంధనలు పెట్టారు. సర్దార్, ఓవర్‌మన్, రెండో తరగతి మేనేజరు, మొదటి తరగతి మేనేజరు – ఒక్కొక్క మెట్టుకూ ఒక్కొక్క సర్టిఫికెట్. ధన్‌బాద్‌లోని గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ వీటిని చూస్తుంది. సర్దార్ కావాలంటే గ్యాస్ పరీక్ష సర్టిఫికెట్, ప్రథమ చికిత్స సర్టిఫికెట్ కూడా ఉండాలి. గాలిలో మండే వాయువు 1.25 శాతం దాటితే కరెంటు తీసేయాలని నిబంధన. ఆ అంకె తెలిసి ఉండటం ఒక ఎత్తు, దీపం మంట చుట్టూ లేచే లేత నీలి రంగును చూసి గుర్తుపట్టడం ఒక ఎత్తు. నిర్లక్ష్యం రుజువైతే సర్టిఫికెట్‌ను సస్పెండ్ చేయొచ్చు, రద్దు చేయొచ్చు.

డేటాబేస్ వైపు చూద్దాం. ఒరాకిల్‌లో ఏళ్ల తరబడి నడిచిన మెట్లు మూడు: అసోసియేట్, ప్రొఫెషనల్, మాస్టర్. మొదటి రెండింటివీ జవాబు ఎంచుకునే ప్రశ్నలు. మాస్టర్ పరీక్ష రెండు రోజులు కూర్చుని చేత్తో చేసి చూపించాల్సింది, కాబట్టే ఆ పేరున్నవాళ్లు తక్కువ. మైక్రోసాఫ్ట్ తన అజూర్ డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ సర్టిఫికెట్‌కు ఏడాదే గడువు పెట్టింది. గడువు లోపల ఇంటర్నెట్‌లో ఉచితంగా మళ్లీ ఒక చిన్న పరీక్ష రాసి నిలబెట్టుకోవాలి. ఇది మంచి పద్ధతి. పదేళ్ల కింద పాసైన వెర్షన్ పేరు చెప్పుకుని ఇవాళ్టి సర్వర్ ముందు కూర్చునే బెడద కొంత తగ్గుతుంది.

డంపులతో రాశారని తేలితే ఈ కంపెనీలు సర్టిఫికెట్ వెనక్కి తీసుకుంటాయి. వాళ్ల నియమాల్లోనే ఉంది. అంటే పరీక్షలో మోసం చేస్తే పోతుంది. కానీ పనిలో నిర్లక్ష్యం చేసి ఒక ఊరి లెక్కలన్నీ పోగొట్టినా ఆ కాయితానికి ఏమీ కాదు. డీబీఏగా కూర్చోవడానికి సర్టిఫికెట్ ఉండాలన్న చట్టమూ మన దగ్గర లేదు. సర్దార్ కాయితానికీ డీబీఏ కాయితానికీ నాకు కనిపించే అసలు తేడా ఇదే. గనిలో ప్రాణాలు పోతాయి, ఇక్కడ అంకెలే కదా అంటారా? జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఆ మాట చెల్లదు. 2018లో రైతుకు పెట్టుబడి సాయం ఇచ్చే రైతుబంధు మొదలైనప్పటి నుంచి, భూమి రికార్డు కంప్యూటర్‌లో సరిగ్గా ఉంటేనే డబ్బు రైతు చేతికి వచ్చేది. 2020 అక్టోబర్ 29న భూమి రికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. పేరు తప్పు పడిన, సర్వే నంబర్ ఎక్కని రైతు తహసీల్దార్ ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగాడో ఏ పల్లెలో అడిగినా చెబుతారు. ఆ తప్పులన్నీ డీబీఏలు చేసినవి కావు, రికార్డులు తయారైన చోటే పుట్టినవి ఎక్కువ. కానీ కంప్యూటర్‌లో ఉన్నదే భూమి అయిన కాలంలో, ఆ కంప్యూటర్‌ను కాచేవాడి పని చిన్నది కాదు.

అయితే సర్టిఫికెట్ దండగా? కాదు. జనగామలోనో మానుకోటలోనో డిగ్రీ చేసిన పిల్లవాడికి పెద్ద కాలేజీ పేరు లేదు, ఇంగ్లిషు తడబడుతుంది, కంపెనీలో తెలిసిన మనిషి లేడు. వెయ్యి దరఖాస్తుల్లో అతనిది పక్కన పడకుండా ఇంటర్వ్యూ దాకా తీసుకెళ్లేది ఆ ఒక్క కాయితమే. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు సాధారణంగా ఆ కాయితం అవసరం లేకుండానే లోపలికి వెళ్లినవాళ్లు. రెండో లాభం ఉద్యోగం ఉన్నవాళ్లకే ఎక్కువ. రోజువారీ పనిలో మనకు ఎదురయ్యేవి నాలుగైదు సంగతులే: యూజర్‌ను చేర్చడం, జాగా పెంచడం, నెమ్మదించిన క్వెరీ చూడటం. కంట్రోల్ ఫైల్ పోవడం, సిస్టమ్ ఫైల్ దెబ్బతినడం, నిన్న మధ్యాహ్నం రెండింటికి ఎలా ఉందో అలా తీసుకురావడం – ఇవి ఏళ్లు గడిచినా ఎదురు కాకపోవచ్చు. ఎదురైన రోజున నేర్చుకునే తీరిక ఉండదు. సిలబస్ వీటిని ముందే చదివిస్తుంది. మానుకోట లాంటివాళ్లకు సర్టిఫికెట్ పరీక్ష చేసే మేలు అదే, జీతం పెరిగినా పెరగకపోయినా.

కంపెనీ యజమానులకూ ఒక మాట. మనిషిని తీసుకునేటప్పుడు కాయితం అడగండి, తప్పు లేదు. ఆ తర్వాత ఒక ఖాళీ మిషన్ ఇచ్చి, మీ నిన్నటి బ్యాకప్ ఇచ్చి, ‘దీన్ని లేపి చూపించు, టైం పట్టినా ఫర్వాలేదు’ అనండి. ఆ పూటలో తెలిసేది నలభై నిమిషాల ఇంటర్వ్యూలో తెలియదు. పైగా, మీ బ్యాకప్ సంగతి కూడా అదే పూటలో తెలిసిపోతుంది. చాలా ఆఫీసుల్లో ఈ పని చేయడానికి ఖాళీ మిషనే ఉండదు, జనగామ లాంటివాళ్లు నెట్టుకురావడానికి సగం కారణం అదే.

పరీక్షకు చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఫీజు కట్టేముందు ఒక పని చేయండి. ఒరాకిల్ వాళ్లే ఉచితంగా ఇచ్చే వెర్షన్‌లో 12 జీబీ దాకా డేటా పెట్టుకోవచ్చు, మామూలు లాప్‌టాప్ మీద నడుస్తుంది. పోస్ట్‌గ్రెస్ అయితే పూర్తిగా ఉచితమే. ఆర్కైవ్‌లాగ్ పెట్టండి, బ్యాకప్ తీయండి, ఒక పట్టికలో పది వరుసలు చేర్చి టైం రాసుకోండి. తర్వాత డేటా ఫైల్ తీసేసి, సరిగ్గా ఆ నిమిషానికి తిరిగి తీసుకురండి. మొదటిసారి రాదు. వచ్చేదాకా చేయండి. వచ్చాక ఫీజు కట్టండి, డంపులు కొనే అవసరం ఉండదు.